ఆత్మశోధనకు కూర్చుంటే ఏమీ గుర్తుకు రావడం లేదు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పల్నాడు జిల్లాలో ప్రభుత్వ పాఠశాల టీచర్‌ని. మాది కతోలిక కుటుంబం. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి మాంసం మానేస్తాను, పూలు పెట్టుకోను, శుక్రవారాలు సిలువ మార్గానికి తప్పకుండా వెళ్తాను. ఫాదర్‌గారి దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన చేసుకోమని ఆయన చెబుతారు. కూర్చుంటే ఏమీ గుర్తుకు రాదు. చివరికి చిన్నప్పుడు సత్యోపదేశం క్లాసులో నేర్చుకున్నట్టే ‘అబద్ధాలాడాను, కోపపడ్డాను, జపాలు తప్పాను’ అని చెప్పి వచ్చేస్తాను. రాత్రి పడుకున్నాక మాత్రం పాతికేళ్ల నాటి తప్పులన్నీ మీదపడి నిద్ర పట్టదు. మార్చి అంతా పదో తరగతి పరీక్షల హడావుడి, రోజుకు పది నిమిషాలు దొరికితే గొప్ప. షుగర్‌కు మాత్రలు వేసుకుంటున్నాను, ఉపవాసం ఉండొచ్చా? ఇంకో సంగతి. మా అత్తగారి సంవత్సరీకం నాడు ఆవిడ గొలుసు దగ్గర మాటా మాటా పెరిగి, మా పెద్ద తోడికోడలిని పదిమందిలో దొంగ అన్నాను. రెండేళ్లుగా మాటల్లేవు. తప్పు ఆమెది కూడా ఉంది. ఈ తపస్సు కాలంలోనైనా నాలో ఏదైనా మారాలంటే ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా,

ఆత్మశోధనకు కూర్చుంటే ఏమీ గుర్తుకు రాదని రాశారు. అదే ఉత్తరం చివర్లో మీ తోడికోడలి సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పారు. ఏ రోజు, ఎవరి ముందు, ఏ మాట అన్నారో అన్నీ అందులో ఉన్నాయి. ఆత్మశోధన అంటే అదే. మీకది చేతకాక కాదు. కూర్చున్నప్పుడు జరిగిన రోజును వదిలేసి పాపాల పేర్లు వెతుక్కుంటున్నారు, అందుకే ఏమీ దొరకడం లేదు.

మీరు టీచర్ కాబట్టి ఇది మీకు తేలిగ్గా తెలుస్తుంది. జవాబు పత్రం మీద ‘బాగా రాయలేదు’ అని రాసి ఇచ్చేస్తే పిల్లవాడికి ఏం తెలుస్తుంది? ఏ లెక్కలో, ఏ మెట్టు దగ్గర తప్పాడో గుర్తు పెట్టి ఇస్తేనే వాడు దిద్దుకోగలడు. ‘కోపపడ్డాను’ అన్నది ‘బాగా రాయలేదు’ లాంటి మాటే. ఎవరి మీద, ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, ఆ క్షణంలో మీకు కావలసిందేమిటి అన్నవి తేలకుండా ఆ మాటను ఏటేటా చెప్పుకుంటూ పోతే అది అలాగే ఉంటుంది.

ముందు రోజువారీ పద్ధతి చెబుతాను. ఇది కొత్తది కాదు. జెస్విట్ సభ స్థాపకులు పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు తన ఆధ్యాత్మిక సాధనల పుస్తకంలో ఐదు మెట్లుగా రాసిపెట్టారు. 1548లో ఆ పుస్తకం అచ్చయిన నాటి నుంచీ గురువులు (ఫాదర్లు), మఠకన్యలు, గృహస్థులు పాటిస్తున్నారు. మీకున్న 10 నిమిషాలు దీనికి సరిపోతాయి.

సమయం, చోటు ముందే తేల్చుకోండి. పడక మీద వద్దు. మీకు రాత్రి పూట వచ్చే బాధలో సగం పడక మీద చేసే శోధన వల్లే. ఒళ్లు అలసి, దీపం ఆర్పేశాక మనసు తూకం తప్పుతుంది, చిన్నది కొండంత అవుతుంది. స్కూలు నుంచి వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కున్నాకో, రాత్రి అన్నానికి ముందో కుర్చీలో నిటారుగా కూర్చోండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టి, పది నిమిషాలు కాగానే లేవండి. ఇంకా ఏదో మిగిలిపోయిందనిపించినా లేవాలి. మిగిలింది రేపు చూసుకోవచ్చు.

మొదటి 2 నిమిషాలు కృతజ్ఞత. ఆ రోజు అందిన మేళ్లు మూడో నాలుగో పేరుపేరునా చెప్పుకోండి. ‘అన్నిటికీ స్తోత్రం’ అని దాటెయ్యకండి. వెనక బెంచీ పిల్ల మొదటిసారి చెయ్యెత్తి జవాబు చెప్పింది, మధ్యాహ్నం ఎండలో ఎవరో బండి మీద దింపారు, ఇలా. చాలామంది ఈ మెట్టును ముద్దుమాటగా అనుకుని నేరుగా తప్పుల దగ్గరికి పోతారు, శోధన చెడిపోయేది అక్కడే. తనను ప్రేమించే దేవుని ముందు కూర్చున్నానని ముందు గుర్తుకు రాకపోతే మనసు రెండు దారులే పడుతుంది. ఒకటి, తనను తాను కాపాడుకోవడానికి అన్నీ దాచేస్తుంది. రెండు, తనను తాను కొట్టుకుంటుంది. మీకు పగలు మొదటిది, రాత్రి రెండోది జరుగుతోంది.

తరువాత 1 నిమిషం వెలుగు అడగడం. 139వ కీర్తన చివరి రెండు చరణాలు ఇందుకే ఉన్నట్టుంటాయి. దేవా, నన్ను పరిశోధించి నా హృదయాన్ని తెలుసుకో, నీకు నొప్పి కలిగించే దారి నాలో ఉందేమో చూడు అని కీర్తనకారుడు అడుగుతాడు. వెతికే పని దేవునిది, పక్కన నిలబడి చూసేది మీరు. దీన్ని నోటితో పలకండి.

ఆపైన 4 నిమిషాలు ఆ రోజును తిప్పి చూడడం. నిద్ర లేచిన దగ్గర నుంచి కూర్చున్న క్షణం దాకా గంట గంటా, చోటు చోటూ చూడండి. వంటిల్లు, బస్సు, స్టాఫ్ రూము, తరగతి, ఇల్లు. పూజ మొదట్లో మనం చెప్పే పాపాంగీకారంలో తలంపు, మాట, క్రియ, చేయవలసింది చేయకపోవడం అని నాలుగున్నాయి. నాలుగోదాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఎడమ వైపు నిలబడినవాళ్ల మీద మోపిన నేరాలన్నీ ఆ నాలుగో రకానివే: అన్నం పెట్టలేదు, చూడటానికి రాలేదు.

ఈ మెట్టు ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ చూడండి. ఉదయం 7:40. బాబుకు ఒక బూటు దొరకలేదు. మీరు అరిచారు, వాడు ఏడుస్తూ బడికి వెళ్లాడు. పట్టికలో ఇది ‘కోపపడ్డాను’. ఇక్కడితో ఆగకుండా కాస్త వెనక్కి వెళ్లండి. మామూలుగా ఆ వేళకు టిఫిన్ బాక్సులు కట్టడం అయిపోయి ఉండేది. ఆ రోజు ఎందుకు కాలేదు? 7 గంటలకు ఫోన్ తీస్తే, కుటుంబం వాట్సాప్ గ్రూపులో తోడికోడలి వాళ్ల కొత్త ఇంటి ఫొటోలు కనిపించాయి. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూస్తూ ఇరవై నిమిషాలు పోయాయి. ఫోన్ పక్కన పెట్టేసరికి లోపల ఏదో రాజుకుని ఉంది. దాని సెగ తగిలింది మాత్రం బూటు దొరకని పిల్లవాడికి. ఇప్పుడు తేలింది చూశారా, మీరు ఒప్పుకోవలసింది అసూయ, దెబ్బ తిన్నది బాబు. మూల దుర్గుణాలు ఏడని సత్యోపదేశంలో చెప్పేది ఇందుకే, పైకి కనిపించే తప్పుకు కింద వేరే వేరు ఉంటుంది. దిద్దుకోవలసిన చోటు కూడా మారింది. ‘ఇక కోప్పడను’ అని ఒట్టు పెట్టుకుంటే రెండు రోజులు నిలుస్తుందేమో. పిల్లలు బడికి వెళ్లేదాకా ఫోన్ ముట్టుకోకుండా ఉంటే ఆ కోపానికి నిప్పు అందదు.

రోజంతటినీ ఇంత లోతుగా తవ్వక్కర్లేదు. ఎక్కడ మనసు కాస్త ముడుచుకుందో అక్కడ ఆగండి, రోజుకు ఒక్క సంఘటన చాలు. మంచి చేసిన చోటు కనిపిస్తే దాన్నీ చూడండి, దేవుడు తోడున్న చోటు అది.

తరువాత 2 నిమిషాలు క్షమాపణ. సొంత మాటల్లో, జరిగినదాని పేరు పెట్టి అడగండి. ఉత్తమ మనస్తాప జపం వస్తే చెప్పుకోండి. చివరి నిమిషం రేపటికి. రేపు ఏ గంటకు, ఏ చోట, ఏం చేస్తారో ఒక్కటే. ‘మంచిగా ఉంటాను’ అన్నది తీర్మానం కాదు. ‘బడి నుంచి రాగానే బాబును దగ్గర కూర్చోబెట్టుకుని, పొద్దున అరిచింది నా తప్పేనని చెబుతాను’ అన్నది తీర్మానం.

ఈ ఐదు మెట్లతో పాటు తపస్సు కాలంలో ఒక్క లోపాన్నే ఎంచుకుని దాని వెంట పడే పద్ధతి కూడా ఇగ్నేషియస్ వారే నేర్పారు. చిన్న నోటు పుస్తకంలో వారానికి ఒక పేజీ కేటాయించి, ఒక్కో రోజుకు రెండేసి గీతలు గీయండి. పై గీత పొద్దున లేచిన దగ్గర నుంచి మధ్యాహ్న భోజనం దాకా, కింది గీత అక్కడి నుంచి రాత్రి దాకా. లేవగానే ఆ లోపం పేరు తలచుకుని ఈ రోజు జాగ్రత్తగా ఉంటానని చెప్పుకోవాలి. పగలు దానిలో పడ్డ ప్రతిసారీ అప్పటికప్పుడే ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవాలి. పక్కనున్నవాళ్లకు తెలియకుండానే చేయవచ్చు. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఎన్నిసార్లు పడ్డారో అన్ని చుక్కలు ఆ గీతల మీద పెట్టండి. పై గీతతో కింది గీతను, నిన్నటితో ఇవాళను, పోయిన వారంతో ఈ వారాన్ని పోల్చి చూడండి. లోపం పేరు రాయకండి, ఇంట్లో పిల్లలున్నారు. చుక్కలు చాలు.

మొదటి వారంలో చుక్కలు పెరుగుతాయి. అప్పుడు చాలామంది దిగాలుపడి పుస్తకం మూసేస్తారు. పెరిగింది తప్పు కాకపోవచ్చు, మీ చూపు. ఇదివరకు లెక్కలోకి రానివి ఇప్పుడు కనిపిస్తున్నాయి. మూడో వారం దాకా ఆగి అప్పుడు చూడండి. ఏ లోపం ఎంచుకోవాలని అడుగుతారేమో. నన్నడిగితే తోడికోడలి గురించి ఎవరితోనైనా పుల్లవిరుపు మాట అనడం, లేదా ఎవరైనా అంటుంటే ఇష్టంగా వినడం. మీ ఉత్తరం చదివాక ఇంకొకటి తోచడం లేదు.

ఇక రాత్రి పూట బాధ. దీన్ని పశ్చాత్తాపమని అనుకుంటున్నారు, కాదు. నిజమైన పశ్చాత్తాపం ఫలానా తప్పు అని చూపిస్తుంది, ఫలానాది చెయ్యి అంటుంది, క్షమాపణ దొరుకుతుందన్న ఆశను వెంట తెస్తుంది. మీకు రాత్రిపూట వచ్చేది ఎప్పుడో క్షమాపణ పొందినవాటిని మళ్లీ మళ్లీ తెచ్చి ముందేస్తుంది. చేయవలసిన పని ఏదీ చెప్పదు. నువ్వింతే అంటుంది. ప్రభువు పట్టుబడిన రాత్రి పేతురు ఆయన్ని ఎరగనన్నాడు, యూదా ఆయన్ని పట్టించాడు, ఇద్దరూ కుమిలిపోయారు. పేతురు ప్రభువు చూపు తనవైపు తిరిగిందని చూసి ఏడ్చాడు. యూదా తన తప్పును మాత్రమే చూసుకున్నాడు.

ఇగ్నేషియస్ వారే ఈ బాధలో పడ్డారు. 1522లో స్పెయిన్‌లోని మన్రేసా పట్టణంలో ఉన్నప్పుడు, పాపసంకీర్తనం చేసి వచ్చాక కూడా ఇంకేదో మిగిలిపోయిందని వేధింపు. పాతవాటిలో బాగా స్పష్టంగా ఉన్నవే చెప్పమన్నారు గురువు. ఆయనకు అన్నీ స్పష్టంగానే కనిపించాయి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లింది. చివరికి పాత పాపాలను మళ్లీ పాపసంకీర్తనంలో చెప్పనని నిశ్చయించుకున్నాకే ఆ ముడి విడింది. ఆ అనుభవంతోనే ఆయన తరువాత ఇలాంటి వేధింపుల గురించి కొన్ని నియమాలు రాశారు. దారిలో సిలువలా పడి ఉన్న రెండు గడ్డిపరకలను చూసుకోకుండా తొక్కి, పాపం చేశానని వణికిపోయే మనిషిని అందులో ఉదాహరణగా చూపారు. అది తప్పుడు తీర్పే తప్ప పాపం కాదంటారాయన.

అందుకని మీకు మూడు మాటలు. ఒకసారి చెప్పుకుని పాపవిమోచనం పొందినదాన్ని రాత్రిపూట తిరగదోడకండి. అది మనసులోకి వస్తే ‘ఇది ప్రభువు చేతిలో పెట్టాను’ అని ఒక్కసారి చెప్పి పక్కకు తిరగండి, దానితో వాదన వద్దు. చెడు తలంపు రావడం వేరు, దానికి చోటిచ్చి కూర్చోబెట్టడం వేరు. ఊరికే వచ్చినది ప్రేరేపణ, మనసు సమ్మతించినది పాపం. పైగా ఒక పాపం ఘోరమైనదని అనాలంటే విషయం బరువైనదై ఉండాలి, పూర్తిగా తెలిసి ఉండాలి, ఇష్టపూర్వకంగా చేసి ఉండాలని శ్రీసభ (కతోలిక సంఘం) బోధ. మూడూ ఉన్నాయా అని పగటిపూట, కుర్చీలో కూర్చుని మిమ్మల్ని మీరే అడగండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా డాక్టర్‌ను కలవండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు అవసరమైతే మందు వాడడం విశ్వాసం లోపించడం కాదు.

ఉపవాసం సంగతి త్వరగా చెబుతాను. శ్రీసభ చట్టం తప్పనిసరి ఉపవాసం పెట్టింది రెండే రోజులు, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం. 18 నిండినవారి నుంచి 59 నిండేవారి దాకా ఇది వర్తిస్తుంది. ఆ రోజుల్లో ఒక పూట కడుపు నిండా, మిగతా రెండు పూటలు కలిపినా ఒక పూర్తి భోజనం కాకుండా తినాలి. మాంసం మానడం 14 నిండినవారందరికీ. కానీ ఒంటికి హాని జరిగేలా పాటించమని ఆ నియమం అడగదు. షుగర్ మాత్రలు వేసుకుని తిండి ఆపేస్తే, మాత్రను బట్టి షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. తరగతిలో పిల్లల ముందు పడిపోతే ఎవరికి పుణ్యం? డాక్టర్‌ను అడగకుండా ఒక్క పూట కూడా మానొద్దు, మాత్రను సొంతంగా ఆపొద్దు. వేళకు తినండి, రుచిని తగ్గించుకోండి. ఉపవాసం తిండిలోనే ఉండాలని లేదు. రాత్రి 8 తరువాత ఫోన్ ముట్టకపోవడం మీకు తిండి మానడం కంటే కష్టమని నా అంచనా.

ఒక్క సంగతి మాత్రం మనవాళ్ల ఇళ్లలో చూస్తుంటే మనసు కష్టంగా ఉంటుంది. శుక్రవారం కోడికూర మానేస్తారు, దాని బదులు రొయ్యల ఇగురు, చేపల పులుసు ఇంకా ఘనంగా వండుకుంటారు. చట్టం తప్పలేదు, కానీ ఆకలి అన్నది లేనేలేదు. నేను కోరుకునే ఉపవాసం ఆకలిగొన్నవాడికి నీ అన్నం పంచడమేనని యెషయా 58లో దేవుడు చెబుతాడు. మాంసానికి ప్రతి వారం ఎంత అయ్యేదో లెక్క కట్టి ఒక డబ్బాలో వేయండి. మీ తరగతిలో చెప్పులు లేక ఇబ్బంది పడుతున్న పిల్లలెవరో మీకే తెలుసు. ఇచ్చింది ఆ పిల్లలకు కూడా తెలియకుండా హెడ్‌మాస్టర్ చేతికివ్వండి. మత్తయి 6వ అధ్యాయంలో దానం, ప్రార్థన, ఉపవాసం మూడింటికీ ప్రభువు పెట్టిన షరతు ఒకటే, మనుషులు చూడాలని చేయొద్దు. విభూది బుధవారం పూజలో చదివే సువార్త అదే.

ఇప్పుడు మీ తోడికోడలి దగ్గరికి వద్దాం. ‘తప్పు ఆమెది కూడా ఉంది’ అని రాశారు. ఉండొచ్చు. గొలుసు ఎవరికి చెందాలో ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. కానీ ఇందులో రెండు విషయాలు ముడిపడి ఉన్నాయి, మీరు వాటిని విడదీయలేదు. గొలుసు ఒకటి, మీరన్న మాట ఇంకొకటి. గొలుసు తేలేదాకా మాట గురించి ఆలోచించనని రెండేళ్లు గడిపారు. గొలుసు విషయం పెద్దమనుషుల ముందు పెట్టుకోవచ్చు, క్షమించినంత మాత్రాన మీ హక్కు పోదు. మాట మాత్రం పూర్తిగా మీదే, దాన్ని దిద్దడానికి ఆమె ఏమీ చేయనక్కర్లేదు.

బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ, నీ సోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తుకొస్తే ముందు వెళ్లి సమాధానపడు అంటాడు ప్రభువు మత్తయి 5లో. అదే సువార్త 18వ అధ్యాయంలో, నీ సోదరుడు నీకు అపకారం చేస్తే వెళ్లి ఒంటరిగా మాట్లాడు అంటాడు. తప్పు మీదైనా మీరే వెళ్లాలి, ఆమెదైనా మీరే వెళ్లాలి.

ఎలా వెళ్లాలో చెబుతాను. వాట్సాప్ మెసేజ్ వద్దు. మీ భర్తను పంపొద్దు, ఆయన తన అన్నగారితో మాట్లాడితే అది మళ్లీ ఆస్తి మాటే అవుతుంది. వెంట బంధువులను తీసుకెళ్లొద్దు. ముందుగా ఫోన్ చేసి ‘అక్కా, ఒక్క పది నిమిషాలు నీతో మాట్లాడాలి, ఎప్పుడు రమ్మంటావు’ అని అడగండి. వెళ్లాక చెప్పవలసింది ఇంతే: ‘అక్కా, అత్తయ్య సంవత్సరీకం రోజు అందరి ముందు నిన్ను దొంగ అన్నాను. అది తప్పు. నన్ను క్షమించు.’ ఆపైన ‘కానీ’ అన్న మాట నోట రాకూడదు. ‘నువ్వూ అలా అన్నావు కదా’ వద్దు, ‘ఆ రోజు నా పరిస్థితి అలాంటిది’ కూడా వద్దు. గొలుసు ప్రస్తావన ఆ రోజు అసలు తేవద్దు, ఆమె తెస్తే ‘దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం అక్కా’ అనండి. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనుకుని వెళ్లండి, నోరు తడబడదు.

అయితే పని అక్కడితో పూర్తి కాదు. చాలామంది వదిలేసేది ఈ మిగతా సగాన్నే. మాట పదిమందిలో అన్నారు, క్షమాపణ నాలుగు గోడల మధ్య అడిగారు. ఆ పదిమంది దృష్టిలో ఆమె ఇంకా దొంగే. ఒకరి పేరు చెడిపినవారు ఆ పేరును తిరిగి నిలబెట్టాలని శ్రీసభ బోధిస్తుంది, పాపసంకీర్తనంలో క్షమాపణ దొరికినా ఈ బాధ్యత పోదు. సువార్తలోని సుంకరి జక్కయ్య పశ్చాత్తాపపడి ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ రోజు అక్కడున్నవారిలో ముఖ్యమైన నలుగురైదుగురి పేర్లు కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కరితో, కలిసినప్పుడో ఫోన్‌లోనో, ‘ఆ రోజు మా అక్కను అన్న మాట తప్పు, నా దగ్గర ఏ రుజువూ లేదు, కోపంలో అన్నాను’ అని చెప్పండి. మీకిది తపస్సు కాలం అంతటిలోకీ కష్టమైన పని అవుతుంది. నలభై రోజులు మాంసం మానడం దీని ముందు చాలా సులువు.

ఆమె తలుపు తీయకపోతే? తీసి నాలుగు మాటలు అంటే? విని, నమస్కారం పెట్టి వచ్చేయండి. మీ వల్ల అయినంత వరకు అందరితో సమాధానంగా ఉండండన్నాడు పౌలు. ఆ ‘అయినంత వరకు’లో మీ వంతు తీరింది. గుడిలో ఎదురైతే మీరే ముందు పలకరించండి, జపమాలలో ఆమె పేరు చెప్పి ఒక పది గింజలు చెప్పుకోండి. మళ్లీ మళ్లీ ఇంటికి వెళ్లి ఒత్తిడి చేయడం మాత్రం వద్దు, ఆమెకూ సమయం కావాలి.

పాపసంకీర్తనానికి వెళ్లేటప్పుడు పాత పట్టిక ఇంట్లోనే వదిలేయండి. పోయినసారి వచ్చి ఎంత కాలమైందో ముందు చెప్పండి. బరువైన పాపాలుంటే ఏమిటో, ఎన్నిసార్లో చెప్పాలి. సరిగ్గా గుర్తు లేకపోతే ‘వారానికి రెండు మూడుసార్లు’ అన్నట్టుగా చెప్పినా చాలు. తక్కినవాటిలో ఈ వారాల చుక్కల్లో తేలిన ఒకటి రెండు చాలు, వేరుతో సహా చెప్పండి: ‘తోడికోడలి మీద అసూయతో నా కొడుకు మీద అరిచాను, రెండు వారాల్లో ఐదారుసార్లు.’ కథంతా అక్కర్లేదు. ఆమె పాపాలు అసలు చెప్పొద్దు, అవి ఆమె చెప్పుకోవలసినవి. ఇక్కడ చాలామంది తెలియకుండానే జారిపోతారు, ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు అత్తనో, భర్తనో, పక్కింటివాళ్లనో ఒప్పగిస్తారు. గురువు ఇచ్చిన ప్రాయశ్చిత్తం ఆ రోజే చేసేయండి.

మీ విచారణ (పారిష్) గురువుకు రెండు కుటుంబాలూ తెలుసు కనుక జంకు ఉంటే, వేరే విచారణకు వెళ్లవచ్చు. లేదా గుణదల, ఫిరంగిపురం వైపు వెళ్లే పని పడితే అక్కడ అడగవచ్చు. ఎవరి దగ్గర చెప్పినా అక్కడ విన్నది గురువు ఏ కారణం చేతనూ బయటపెట్టకూడదు. నేరుగా బయటపెడితే శ్రీసభ నుంచి బహిష్కరణే శిక్ష.

ఈ ఏడాది, అంటే 2026లో, విభూది బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, ఈస్టర్ ఏప్రిల్ 5న. ఆదివారాలు తీసేస్తే సరిగ్గా 40 రోజులు. ఈసారి ఆదివారం సువార్తలు మీ పనికి బాగా తోడొస్తాయి. మార్చి 8న బావి దగ్గర సమరియ స్త్రీ, 15న చూపు పొందిన పుట్టుగుడ్డి, 22న సమాధి నుంచి లేచిన లాజరు. ఈస్టర్ రాత్రి జ్ఞానస్నానం పొందబోయేవారి కోసం శ్రీసభ ఆత్మపరిశోధన ప్రార్థనలు జరిపేది కూడా ఈ మూడు ఆదివారాల్లోనే. శనివారం సాయంత్రం మర్నాటి సువార్తను ఒకసారి మెల్లగా చదివి, ఒక్క ప్రశ్న రాసుకోండి. సమరియ స్త్రీ దగ్గర: నేను నిజంగా దేనికోసం దాహపడుతున్నాను? పుట్టుగుడ్డి దగ్గర: నాకు కనిపిస్తోందని మొండిగా అనుకుంటున్నది ఏమిటి? లాజరు దగ్గర: ఇక బాగుపడదని రాయి పెట్టి మూసేసిన బంధం ఏది? జవాబు వెంటనే వెతకొద్దు, వారమంతా రాత్రి శోధనలో ఆ ప్రశ్నను పక్కనే ఉంచుకోండి.

మార్చి 8 దాకా రోజూ శోధన, చుక్కల పుస్తకం మాత్రమే నడపండి. 15కు ముందు అక్కకు ఫోన్ చేయండి. పరీక్షల డ్యూటీ ఏ రోజుల్లో ఉందో చూసుకుని, అది లేని ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుంటే హడావుడి ఉండదు. పాపసంకీర్తనానికి, ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం తరువాత వెళ్లాలని ఆగొద్దు. పవిత్ర వారంలో బారులు పెద్దవి, ఒక్కొక్కరికీ రెండు నిమిషాలే దొరుకుతాయి, ఫాదర్‌గారు కూడా అలసిపోయి ఉంటారు. మార్చి 22 తరువాతి వారంలో మామూలు రోజు సాయంత్రం, ముందుగా ఫోన్ చేసి ‘ఒక పావుగంట కావాలి’ అని అడిగి వెళ్లండి. ఈస్టర్ అయ్యాక చుక్కలు ఆపేయవచ్చు, రాత్రి అన్నానికి ముందరి ఆ 10 నిమిషాలు మాత్రం ఆపకండి.